హెవెన్స్ గేట్ (1980): ముంచింది దర్శకుడి పంతమా, కంపెనీ భయమా?

రీలుపెట్టె

సభ్యులందరికీ నమస్కారం. మైకేల్ చిమినో తీసిన ‘హెవెన్స్ గేట్’ను గత శని, ఆదివారాల్లో రెండు విడతలుగా చూశాను. నేను చూసింది 2012లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రదర్శించిన 216 నిమిషాల పునరుద్ధరణ ప్రతి. ఈ సినిమా పేరెత్తగానే ఎవరైనా చెప్పే కథ ఒకటే. అంతకుముందు తీసిన ‘ది డీర్ హంటర్’కు ఐదు ఆస్కార్లు వచ్చేసరికి దర్శకుడికి కళ్లు నెత్తికెక్కాయని, కోటీ 16 లక్షల డాలర్లకు ఒప్పుకున్న సినిమాను దాదాపు 4 కోట్ల 40 లక్షలకు ఈడ్చాడని, అమెరికాలో దాని వసూళ్లు 35 లక్షల దగ్గరే ఆగిపోయాయని, చాప్లిన్, మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, గ్రిఫిత్ కలిసి 1919లో పెట్టుకున్న యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ ఆ దెబ్బతో చేతులు మారిందని చెబుతారు.

ఈ అంకెలతో నాకు పేచీ లేదు. అయితే సినిమా చూస్తున్నంతసేపూ ఒక ప్రశ్న నన్ను వదలలేదు. ఖర్చయిన డబ్బు దర్శకుడి జేబులోది కాదు. ఇచ్చినవాళ్లు ఉన్నారు, వారానికోసారి లెక్కలు తెప్పించుకున్నవాళ్లు ఉన్నారు, విమానమెక్కి వెళ్లి రషెస్ (అప్పటిదాకా తీసిన, ఇంకా కూర్చని ఫిలిం) చూసి వచ్చినవాళ్లూ ఉన్నారు. అయినా కోటీ 16 లక్షలు కాస్తా 4 కోట్ల 40 లక్షలు అయ్యే దాకా ఆపగలిగినవాడు ఒక్కడూ లేకపోయాడా? చిమినో ఈ కథను 1970 దశకం మొదట్లోనే ‘ది జాన్సన్ కౌంటీ వార్’ అనే పేరుతో రాసుకున్నాడు. అప్పుడు ఎవరూ తీయడానికి ముందుకు రాలేదు. అదే కాగితాల దొంతరను ఏడెనిమిదేళ్ల తర్వాత ఎగబడి తీసుకున్నారంటే, మధ్యలో మారింది కథ కాదు, రాసినవాడి ధర. ఈ విషయం తెలిసిన సభ్యులు వివరంగా రాయాలని కోరుతున్నాను.

నేలటికెట్టు

రీలుపెట్టె గారూ, లెక్కల సంగతి తర్వాత చూద్దాం, ముందు ప్రేక్షకుడి గోడు వినండి. నేను కూడా ఆ సినిమా చూశాను, మూడుసార్లు లేచి టీ పెట్టుకున్నాను. 1870లో హార్వర్డ్ పట్టభద్రోత్సవమంటూ మొదలుపెట్టి ఉపన్యాసాలు, ఊరేగింపు, చెట్టు చుట్టూ వాల్ట్జ్ నాట్యం చూపించి, కథ జరిగే వయోమింగ్ రాష్ట్రానికి మనల్ని చేర్చేసరికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. చేరాక అయినా ఎవరేం మాట్లాడుతున్నారో వినిపిస్తుందా అంటే, రైలు చప్పుడు, బండ్ల చప్పుడు, జనం గోల కలిసి సంభాషణను మింగేస్తాయి. క్రిస్ క్రిస్టాఫర్సన్ వేసిన జేమ్స్ ఎవరిల్ ఏం కావాలనుకుంటున్నాడో చివరి దాకా నాకు అర్థం కాలేదు.

1980 నవంబరులో న్యూయార్క్‌లో 219 నిమిషాల ప్రతితో తొలి ప్రదర్శన వేసినప్పుడు విశ్రాంతి సమయంలో జనం షాంపేన్ ముట్టకుండా నిలబడ్డారట. ఎందుకు తాగడం లేదని చిమినో అడిగితే, వాళ్లకు సినిమా నచ్చలేదు కాబట్టి అని ప్రచారం చూసుకునే ఆవిడ ముఖాన్నే చెప్పిందట. మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌లో విన్సెంట్ క్యాన్బీ, సొంత ఇంటి ముందుగదిలోనే నాలుగు గంటలపాటు బలవంతంగా నడిపించి చూపించినట్టుంది అనే అర్థంలో రాశాడు. వారం రోజులకే థియేటర్ నుంచి తీసేశారు. కంపెనీ భయపడిందా, దర్శకుడు పంతం పట్టాడా అనేది ఇంటి లోపలి గొడవ. టికెట్టు కొన్నవాడికి కావలసింది సినిమా, అది అక్కడ లేదు.

తెల్లకాగితం

నేను ఒప్పంద పత్రాలు చదివి బతికే మనిషిని కాబట్టి రీలుపెట్టె గారి ప్రశ్నకే జవాబు ఇస్తాను. నాకు తెలిసిన వివరాల్లో చాలా భాగం స్టీవెన్ బాక్ 1985లో ప్రచురించిన ‘ఫైనల్ కట్’ పుస్తకంలోవి. ఆయన అప్పట్లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ నిర్మాణ విభాగాధిపతుల్లో ఒకడు, ఈ సినిమా వల్లే ఉద్యోగం పోగొట్టుకున్నవాడు కూడా. కాబట్టి ఆయన్ని తటస్థ సాక్షి అనుకోవడానికి వీల్లేదు. అయితే తన తప్పులను కూడా దాచకుండా రాశాడు కనుక నమ్మదగిన మేరకు నమ్ముదాం.

ముందు ఆ కంపెనీ స్థితి చూడండి. 1967 నుంచి అది ట్రాన్సమెరికా చేతిలో ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో పిరమిడ్ ఆకారపు భవనం కట్టిన బీమా, ఆర్థిక సేవల సంస్థ అది, సినిమా దాని అసలు వ్యాపారం కాదు. యజమానులతో పొసగక 1978 జనవరిలో ఆర్థర్ క్రిమ్ సహా ఐదుగురు పెద్దలు ఒక్కసారిగా రాజీనామా చేసి ఓరియన్ అనే కొత్త సంస్థ పెట్టుకున్నారు. ఊళ్లో దర్శకులు, నటులు వాళ్ల వెంటే పోతారన్న గుసగుసల మధ్య కొత్త అధ్యక్షుడు ఆండీ ఆల్బెక్, ఆయన కింద బాక్, డేవిడ్ ఫీల్డ్ కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లకు తక్షణం కావలసింది, మేమూ పెద్ద దర్శకుణ్ణి పట్టగలమని లోకానికి చూపించుకోవడం. ఆ సమయంలో ‘ది డీర్ హంటర్’ విడుదలకు ముందే చూసి ముగ్ధులై చిమినోను పట్టారు.

ఇక అసలు సంగతి. సినిమాను 1979 క్రిస్మస్‌కు విడుదల చేయాలని కంపెనీ పట్టుబట్టింది. ఒప్పందం ఖరారు చేసే దశలో చిమినో తరఫువాళ్లు ఒక షరతు పెట్టారు. ఆ గడువుకు సినిమాను అందించడానికి అవసరమయ్యే అదనపు ఖర్చును బడ్జెట్ దాటినట్టుగా లెక్కించకూడదని దాని సారాంశం. కంపెనీ ఒప్పుకుంది. మామూలుగా బడ్జెట్ దాటితే దర్శకుడికి రావలసిన సొమ్ములో కోతో, అధికారంలో కోతో ఏదో ఒక శిక్ష ఉంటుంది. ఈ ఒక్క వాక్యంతో ఆ శిక్ష మాయమైంది. తొందరగా కావాలన్నది మీరే, తొందరకు డబ్బవుతుంది, ఆ డబ్బు నా ఖాతాలో రాయకండి అన్నాడన్నమాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే గడువు దాటిపోతే ఆ వెసులుబాటు ఏమవుతుందో రాసుకున్నవాడు లేడు. సినిమా 1979 క్రిస్మస్‌కు కాదు కదా, 1980 వేసవికి కూడా పూర్తి కాలేదు.

మా వృత్తిలో ఇలాంటి వాక్యాన్ని సంతకం రోజు సాయంత్రం, అందరూ అలిసిపోయి ఇంటికి పోవాలనుకునే వేళలో ముందుకు తోస్తారు. నేను కూడా ఒకసారి అలాగే ఊరుకుని తర్వాత చీవాట్లు తిన్నాను.

పాతపత్రిక

కథకు ఆధారమైన చరిత్రను కూడా ఒకసారి చెప్పుకుంటే మంచిది. వయోమింగ్‌లో పెద్ద పశుయజమానుల సంఘం చిన్న రైతుల మీద, వలస వచ్చి స్థిరపడ్డవాళ్ల మీద పశువుల దొంగలన్న ముద్ర వేసి, 1892 ఏప్రిల్‌లో టెక్సస్ నుంచి కిరాయి తుపాకీవాళ్లను రైల్లో తెప్పించింది. చంపవలసినవాళ్ల జాబితా ఒకటి వాళ్ల దగ్గర ఉంది. ఏప్రిల్ 9న నేట్ చాంపియన్ ఉన్న గుడిసెను ముట్టడించి, నిప్పంటించి, బయటికి పరుగెత్తినవాణ్ణి కాల్చి చంపారు. గుడిసెలో చిక్కుకున్న ఆ కొన్ని గంటల్లో అతను జరుగుతున్నదంతా ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటూ పోయాడు. ఆ సంగతి సినిమాలో కూడా ఉంది, క్రిస్టఫర్ వాకెన్ నటించిన మేరకు అదే అన్నిటికన్నా గొప్ప ఘట్టమని నా అభిప్రాయం.

అయితే చిమినో చరిత్రను బాగా మార్చాడు. ఎల్లా వాట్సన్, జిమ్ ఎవరిల్ అనే ఇద్దరిని 1889లోనే ఉరి తీశారు, అంటే ఈ దండయాత్రకు మూడేళ్ల ముందు. సినిమాలో వాళ్లిద్దరూ 1892లో బతికే ఉండి ప్రేమించుకుంటారు. నిజంగా జరిగిన దండయాత్రలో ఆ తుపాకీవాళ్ల చేతిలో చనిపోయినవాళ్లు ఇద్దరే. జనం తిరగబడి చుట్టుముట్టినప్పుడు అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ ఆదేశంతో సైన్యం వచ్చి ఆ కిరాయివాళ్లనే కాపాడింది. దీన్ని చిమినో తూర్పు యూరప్ వలసదారుల మహాసంహారంగా పెంచాడు. సర్కారు, ధనవంతులు కలిసి పేదల్ని చంపించారన్న కథను 1980 నవంబరులో, అంటే అమెరికన్లు రీగన్‌ను ఎన్నుకున్న నెలలోనే విడుదల చేశాడు. సినిమా ఓడిపోవడానికి ఇదే కారణమని నేను అనను, కానీ ఎదురుగాలి కొంత ఉందని మాత్రం అంటాను.

ఒక చిన్న ముచ్చట. ‘ది డీర్ హంటర్’కు ఆస్కార్లు ఇచ్చింది 1979 ఏప్రిల్ 9న, నేట్ చాంపియన్ చనిపోయిన తేదీనే. వారం తిరగగానే ఏప్రిల్ 16న మొంటానాలో కెమెరా తిరిగింది.

వోచర్లబాబాయి

నేను మద్రాసులోనూ, తర్వాత హైదరాబాదులోనూ ముప్ఫై ఏళ్లు ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నవాణ్ణి. ఈ సినిమా నేను చూడలేదు, చూసే ఓపిక కూడా లేదు. కానీ మీరు రాసిన అంకెలు చూసి ఊరుకోలేకపోతున్నాను.

మొదటి ఆరు రోజుల షూటింగు అయ్యేసరికి ఐదు రోజుల పని వెనకబడిందని, 60,000 అడుగుల ఫిలిం తిరిగిందని, అందులో వాడుకోదగ్గది ఒకటిన్నర నిమిషమని, దానికి 9 లక్షల డాలర్లు అయ్యాయని మా అబ్బాయి చదివి వినిపించాడు. 60,000 అడుగులంటే మా రోజుల్లో ఒక మామూలు సినిమా మొత్తానికి సరిపెట్టమని నిర్మాత బతిమాలే నెగెటివ్. మొత్తం మీద ఆ చిత్రానికి 13 లక్షల అడుగులు తిప్పారట. 35 ఎం.ఎం. ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 219 నిమిషాలకు 19,700 అడుగుల చిల్లర. అంటే తెర మీద కనిపించిన ఒక్కో అడుగు కోసం అరవై ఆరు అడుగులు కాల్చారు.

ఆరో రోజు సాయంత్రమే తెలిసిపోవాలి, ఈ బండి ఎటు పోతున్నదో. మా దగ్గర తెలిసేది. దర్శకుడు ఎంత గొప్పవాడైనా సాయంత్రం ప్యాకప్ చెప్పగానే నేను డైలీ రిపోర్టు రాసేవాణ్ణి. ఎన్ని షాట్లు, ఎన్ని అడుగులు, జూనియర్ ఆర్టిస్టులు ఎంతమంది, బేటా (రోజువారీ భత్యం) ఎంత, భోజనాలు ఎన్ని లేచాయి అన్నీ అందులో ఉండేవి. ఆ కాగితం నిర్మాతకు ఎంత ముఖ్యమో ఫైనాన్షియర్‌కు అంతకన్నా ముఖ్యం. ఎందుకంటే ఆయన దగ్గర ల్యాబ్ లెటర్ ఉండేది. ఆయన బాకీ తీరనిదే ల్యాబు ప్రింట్లు బయటికి వదలదు. ఆ ఒక్క కాగితానికి దర్శకుడు, హీరో, నిర్మాత అందరూ దండం పెట్టవలసిందే. మొంటానాలో ఆ దండం పెట్టించుకునేవాడు లేకపోయాడు, అంతే.

మంచుకొండ

బాబాయి గారూ, మీ మాట నిజమే కానీ అక్కడి దూరాలు కూడా ఒకసారి చూడాలి. నేను సియాటిల్‌లో ఉంటాను. రెండేళ్ల కిందట వేసవిలో పిల్లలతో మొంటానాలోని గ్లేషియర్ నేషనల్ పార్కుకు వెళ్లినప్పుడు, ఈ సినిమా కోసమే కాలిస్పెల్‌లో బస చేసి టూ మెడిసిన్ సరస్సు దాకా కారులో వెళ్లాను. స్వీట్‌వాటర్ అనే ఊరి సెట్ వేసింది ఆ సరస్సు దగ్గరే. కొండల చుట్టూ తిరిగి వెళ్లే ఆ దారి ఎక్కడా ఆగకుండా నడిపినా రెండు గంటలకు తక్కువ పట్టలేదు. నటులు, సాంకేతిక సిబ్బంది కాలిస్పెల్‌లో ఉంటూ అలా పోయి రావలసి వచ్చిందంటే, పని మొదలవకముందే రోజుకు నాలుగు గంటల కూలి దారిలో పోయినట్టే. చెల్లించేది కంపెనీ.

ఇప్పుడు అక్కడ సెట్ ఆనవాలేమీ లేదు. నీళ్ల మీదికి వంగినట్టుండే సినోపా శిఖరం, ఒక చిన్న దుకాణం, పడవ రేవు ఉన్నాయి. ఆ శిఖరాన్ని చూసినప్పుడు మాత్రం చిమినో ఇక్కడే తీయాలని ఎందుకు పట్టుబట్టాడో అర్థమైంది. తిరిగి కాలిస్పెల్ చేరేసరికి చీకటి పడింది, పిల్లలు వెనక సీట్లో నిద్రపోయారు, నేను మా ఆవిడతో అన్నాను, మర్నాడు మళ్లీ ఇంత దూరం రమ్మంటే నేను రానని. వాళ్లు నెలల తరబడి తిరిగారు.

వీధి సంగతి మీకు తెలిసే ఉంటుంది. సెట్ పూర్తయ్యాక చిమినో వచ్చి చూసి వీధి వెడల్పు ఆరు అడుగులు పెరగాలన్నాడు. ఒక వరుస ఇళ్లను విప్పి ఆరు అడుగులు జరిపితే సరిపోతుందని వడ్రంగుల మేస్త్రీ చెబితే వినలేదు. రెండు వరుసలూ విప్పించి చెరో మూడు అడుగులు జరిపించాడు.

రీలుపెట్టె

ఆ వీధి కథ చదివిన ప్రతిసారీ నాకు కోపం, నవ్వు రెండూ వస్తాయి. కానీ సినిమాలో ఆ వీధిని చూసినప్పుడు కెమెరా సరిగ్గా నడుమన నిలబడి చూస్తుందనీ, దాని చివర కొండ కనిపిస్తుందనీ గమనించాను. ఒక వరుసనే జరిపితే నడిగీత మూడు అడుగులు పక్కకు పోతుంది. అతని లెక్క అదే అయి ఉండవచ్చు. ఆ మూడు అడుగుల తేడా నాకు తెలిసేదా అంటే తెలియదని ఒప్పుకుంటాను.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. యుద్ధం జరిగే మైదానంలో గడ్డి పచ్చగా ఉండాలని భూమి కింద నీటి గొట్టాలు వేయించారు. హార్వర్డ్ ఘట్టాన్ని ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లో తీస్తూ, నడుమ చెట్టు కావాలని ఒక పెద్ద చెట్టును నరికించి ముక్కలుగా తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. క్రిస్టాఫర్సన్ మత్తులో కొరడా ఝుళిపించే ఒక్క షాట్‌కు యాభైకి పైగా టేకులు తీశారు. జాన్ హర్ట్ అయితే తన వంతు కోసం చూసి చూసి, మధ్యలో వెళ్లి ‘ది ఎలిఫెంట్ మ్యాన్’లో నటించి మళ్లీ వచ్చి మిగతా పని పూర్తి చేశాడని చెబుతారు.

పాలపిట్ట

ఇంత చర్చలో గుర్రాల మాట ఎవరూ ఎత్తకపోవడం నాకు బాధగా ఉంది. జంతు సంరక్షణ సంస్థ అమెరికన్ హ్యుమేన్ అసోసియేషన్ ప్రతినిధులను సెట్ మీదికి రానివ్వలేదు. నాలుగు గుర్రాలు చనిపోయాయని, ఒకదాని జీను కింద పేలుడు పదార్థం పెట్టారని, కోడిపందేలు నిజంగా ఆడించారని ఆ సంస్థ ఆరోపించింది. సినిమా విడుదలైనప్పుడు థియేటర్ల ముందు నిరసనలు జరిగాయి. తర్వాత నటుల సంఘానికి, నిర్మాతలకు మధ్య కుదిరిన ఒప్పందంలో జంతువులతో చేసే చిత్రీకరణను ఈ సంస్థ పర్యవేక్షించేలా ఏర్పాటు జరిగింది. నేటికీ అక్కడి సినిమాల చివర జంతువులకు హాని జరగలేదన్న వాక్యం కనిపిస్తే, దాని వెనక ఈ షూటింగు నీడ ఉందని గుర్తుంచుకోండి. వీధి వెడల్పు గురించి ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లు బాధపడవచ్చు, గుర్రాలు మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

నేలటికెట్టు

పాలపిట్ట గారి మాటకు ఎదురు లేదు. నేను అడగదలచింది తెల్లకాగితం గారిని. కంపెనీ భయపడిందంటున్నారు, సరే. మరి జూన్, జూలై నాటికి లెక్క తెలిసిపోయింది కదా. అప్పుడైనా తీసేసి ఇంకొకణ్ణి పెట్టకుండా అడ్డుపడింది ఎవరు?

తెల్లకాగితం

ఆ ఆలోచన వాళ్లకు వచ్చింది. చిమినోను తొలగించే సంగతి పైవాళ్లు చాలాసార్లు చర్చించుకున్నారు. ఖర్చు చూడమని కంపెనీ తన మనిషిని పంపితే, అతను లొకేషన్‌కు రావడానికి గాని తనతో మాట్లాడటానికి గాని వీల్లేదని చిమినో లిఖితపూర్వకంగా తెగేసి చెప్పాడు. అలాంటి ఉత్తరం రాసిన రోజునే వ్యవహారం తేలిపోవాల్సింది. తేలకపోవడానికి నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి.

పైవాళ్లు మొంటానా వెళ్లి రషెస్ చూశారు. చూసి, ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ దర్శకుడు డేవిడ్ లీన్ ఒక వెస్టర్న్ (కౌబాయ్ కాలపు సినిమా) తీసినట్టుందని అనుకుంటూ వచ్చారు. అప్పటికే భయం ఉన్నవాడికి అందం చూపిస్తే ఆ భయం రెట్టింపవుతుంది, ఇంత గొప్పదాన్ని ఆపిన మూర్ఖుడిగా మిగిలిపోతానేమోనని. విల్మోస్ జిగ్మాండ్ ఛాయాగ్రహణం వాళ్ల నోరు కట్టేసింది.

ఇంకొకటి, అదే కంపెనీ ‘అపోకలిప్స్ నౌ’ను 1979 ఆగస్టులో విడుదల చేసింది. అదీ బడ్జెట్‌ను దాటి, గడువును దాటి, పత్రికల్లో నవ్వులపాలైన సినిమానే. చివరికి నిలబడింది. ఆగితే బంగారం పండుతుందని వాళ్ల కళ్ల ముందే ఒక ఉదాహరణ ఉంది. కానీ ఒక తేడాను మరిచిపోయారు. దాని దర్శకుడు కొప్పోలా అదనపు ఖర్చు కోసం తన సొంత ఆస్తులు హామీగా పెట్టాడు. ఖర్చయ్యే ప్రతి డాలరూ అతని మెడకు చుట్టుకునేదే. చిమినోకు అలాంటి తాడు లేదు. ఉన్న ఒక్క తాడునూ ఆ క్రిస్మస్ వాక్యం తెంపేసింది.

అందుకే నా మట్టుకు ఇది దర్శకుడి పిచ్చి కథ కాదు. పట్టుదల ఉన్న దర్శకుడు ఇంకొంచెం ఇవ్వండి అనే అడుగుతాడు, అడగకపోతే ఆశ్చర్యపడాలి. లేదు అని చెప్పడానికే జీతం తీసుకునేవాళ్లు ఒక్కొక్కరుగా ఆ మాటను వదులుకున్నారు. వేసవి చివర కాస్త గట్టిగా బెదిరించాక అదే చిమినో వేగం పెంచాడని బాక్ రాశాడు. అంటే వినే మనిషే, చెప్పినవాడే ఆలస్యం చేశాడు.

పాతపత్రిక

తెల్లకాగితం గారి వాదం కంపెనీ వరకు సరిపోతుంది, కానీ ఎడిటింగ్ దశకు సరిపోదు. 1980 జూన్‌లో పైవాళ్లకు చూపించిన మొదటి కూర్పు ఐదు గంటల 25 నిమిషాలు. దానికి ముందు ఎడిటింగ్ గది తాళాలు మార్పించి వాళ్లను లోపలికి రానివ్వలేదు. నవంబరులో 219 నిమిషాల ప్రతికి వచ్చిన తిట్లు చూసి, మళ్లీ కూర్చుకుంటాను, వెనక్కి తీసుకోండి అని పత్రికల్లో బహిరంగ లేఖ వేయించింది స్వయంగా చిమినోయే. 1981 ఏప్రిల్‌లో 149 నిమిషాల ప్రతి వచ్చింది. గంటకు పైగా కోసేసినా జనం రాలేదు, కోసినందువల్ల అర్థమూ చెడింది. ఆ తప్పుకు ఒప్పందాన్ని నిందించలేం. తన సినిమా ఏమిటో తనకే తెలియని దశ అది.

సంస్థ సంగతి కూడా సూటిగా చెప్పుకోవాలి. నాలుగు కోట్ల చిల్లర నష్టం ట్రాన్సమెరికా వంటి సంస్థను ముంచదు. ముంచింది పరువు. సినిమావాళ్లతో మనకెందుకు ఈ తలనొప్పి అని విసిగి 1981లో యునైటెడ్ ఆర్టిస్ట్స్‌ను ఎం.జి.ఎం.కు అమ్మేసింది. అదే నవంబరులో అదే కంపెనీ ‘రేజింగ్ బుల్’ను కూడా విడుదల చేసిందని చాలామంది గుర్తు పెట్టుకోరు.

నేలటికెట్టు

తన సినిమా ఏమిటో తనకే తెలియని దశ అన్నారు చూడండి, నేను మొదట చెప్పింది అదే.

రీలుపెట్టె

అలాగైతే 2015లో బీబీసీ సర్వేలో విమర్శకులు దాన్ని వంద గొప్ప అమెరికన్ చిత్రాల్లో 98వ స్థానంలో ఎందుకు పెట్టారు? 1982లో ఆ సినిమాకు ఒకవైపు చెత్త దర్శకుడి రజ్జీ బహుమతి వచ్చింది, ఇంకోవైపు కళాదర్శకత్వానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. రెండింటికీ అర్హత ఉందనే నేను అనుకుంటున్నాను.

నేలటికెట్టు గారూ, మళ్లీ చూస్తారని ఆశ పెట్టుకోను కానీ, స్కేటింగ్ ఘట్టం ఒక్కటి చూడండి. కొత్తగా కట్టిన చెక్క హాలులో ఊరి జనమంతా కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరుగుతుంటారు. డేవిడ్ మ్యాన్స్‌ఫీల్డ్ అనే కుర్రవాడు ఫిడేలు వాయిస్తూ తాను కూడా చక్రాల మీద గుండ్రంగా తిరుగుతాడు. ఆ సినిమాకు సంగీతం సమకూర్చింది కూడా అతనే. ఆ హాలుకు పేరే హెవెన్స్ గేట్. జనమంతా వెళ్లిపోయాక ఎవరిల్, ఇసబెల్ ఉపేర్ నటించిన ఎల్లా ఇద్దరే మిగిలి, ఖాళీ నేల మీద వాల్ట్జ్ చేస్తారు. హార్వర్డ్‌లో చెట్టు చుట్టూ తిరిగిన వలయమే ఇక్కడ పేదల హాలులో మళ్లీ తిరుగుతుంది, యుద్ధంలో బండ్లు తిరిగేదీ అదే వలయంలో. మొదటి ఇరవై నిమిషాలు ఎందుకు పెట్టాడో నాకు అక్కడ తెలిసింది. 1980 ప్రతిలో అంతా గోధుమరంగు పూత పూసినట్టు ఉండేదట, పునరుద్ధరించేటప్పుడు చిమినోయే దాన్ని తీయించి కొండల పచ్చదనం బయటికి తెచ్చాడు. 2016 జులైలో చనిపోయేలోపు ఆ ఒక్క పని తాను కోరుకున్నట్టు చేసుకోగలిగాడు.

వోచర్లబాబాయి

రీలుపెట్టె గారు రాసింది చదివాక నాకూ ఒక విషయం చెప్పాలనిపించింది. 1980ల చివర్లో అరకులో ఔట్‌డోర్ పెట్టాం. తెల్లవారుజామున మంచులోంచి రైలు రావాలి, ఫ్లాట్‌ఫారం మీద హీరోయిన్ నిలబడాలి, అదీ షాట్. మూడు రోజులు వరుసగా నాలుగింటికే ఎనభై మందిని లేపి తీసుకెళ్లాం. మూడు రోజులూ రైలు వచ్చింది, మంచు రాలేదు. దర్శకుడు ఇంకో రెండు రోజులు చూద్దామన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం ఫైనాన్షియర్ మనిషి విశాఖపట్నం నుంచి చేతిసంచీతో దిగి, భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, బేటాల చీటీ పైకి చదవమన్నాడు. దర్శకుడికి వినపడేలా చదివాను. నాలుగో రోజు పొద్దున్న సాంబ్రాణి పొగ వేసి షాట్ తీసేసి, తొమ్మిదింటికల్లా ప్యాకప్ చెప్పాం.

మంచుకొండ

ఆ షాట్ ఎలా వచ్చింది బాబాయి గారూ?

వోచర్లబాబాయి

సినిమాలో నాలుగు సెకన్లు ఉంటుంది. సినిమా అనుకున్న తేదీకే విడుదలైంది, అప్పులు తీరాయి. ఆ షాట్ మాత్రం ఎప్పుడు చూసినా రైలు ఇంజనుకు నిప్పంటుకున్నట్టే కనిపిస్తుంది. ఆ దర్శకుడు తర్వాత ఎన్నిసార్లు కలిసినా నాతో ఆ సినిమా మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.